రక్తశుద్ధికి వేళ యేది?

అఫ్జల్‌గంజ్‌లో మూసీ యొడ్డున నున్న ఉస్మానియా ఆసుపత్రి వంటి పెద్ద వైద్యశాలలలో, ప్రాణాపాయ స్థితిలోని రోగుల విభాగము వెలుపల నిలిచిన బంధువుల నోట ఒక ప్రశ్న తరచుగా వినబడును: "మూత్రము రావడం లేదంటున్నారు గదా డాక్టరుగారూ, ఇంకా డయాలిసిస్ ఎందుకు పెట్టరు?" ఆ ప్రక్కనే నిలిచిన మరియొక కుటుంబమువారు దీనికి సరిగా ఎదురు ప్రశ్న వేయుదురు: "ఒకసారి ఆ మిషను పెడితే జన్మంతా వదలదంటారు, పెట్టకుండా కుదరదా?" మొదటివారికి ఆలస్యమన్న భయము, రెండవవారికి యంత్రమన్న భయము. ఈ రెండు భయముల నడుమ వైద్యుడు చేయు నిర్ణయమునకు నేటి శాస్త్రము చూపు ఆధారము లెట్టివో పాఠకులకు విన్నవింప దలచితిమి.

మూత్రపిండములు రెండును వెన్నెముకకు ఇరుప్రక్కల నుండును. పాతబస్తీలో 'గుర్దాలు' అను మాటయే వాడుక. ఒక్కొక్కటి పిడికిలి యంత. ఒక్కొక్కదానియందు సుమారు పది లక్షల సూక్ష్మమైన జల్లెడలు గలవు. ఇవి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడపోసి, శరీరమునకు కావలసిన దంతయు తిరిగి రక్తములో చేర్చి, లీటరున్నర మాత్రమే మూత్రముగా వెడలించును. యూరియా వంటి మలినములను త్రోసివేయుట వీని పనులలో ఒకటి. నీటిని, ఉప్పును, పొటాషియమును, ఆమ్లమును తగిన పాళ్లలో నిలుపుట అంతకంటె ముఖ్యమైన పని. మలినము పెరిగినచో మనిషి కొన్ని దినములు తాళగలడు. పొటాషియము మితిమీరినచో గుండె నిమిషములలో ఆగిపోవచ్చును. ఈ భేదమును జ్ఞాపకముంచుకొన్నచో ఇకమీద చెప్పబోవునది సులభముగా బోధపడును.

మూత్రపిండములకు కలుగు చేటు రెండు విధములు. మధుమేహము, రక్తపుపోటు మొదలగువానివలన ఏండ్ల తరబడి క్షీణించుట యొక విధము. నిన్నటివరకు ఆరోగ్యముగా నుండిన మనిషికి గంటలలో, దినములలో దెబ్బ తగులుట వేరొక విధము. మొదటిదానిలో పోయిన శక్తి సామాన్యముగా తిరిగి రాదు. రెండవదానిలో, అసలు వ్యాధినుండి మనిషి బయటపడెనా, పెక్కుమందికి మూత్రపిండములు గూడ తేరుకొనును. "మిషను పెడితే వదలదు" అను మాట మొదటి విధపు రోగులను చూచి పుట్టినది. దానిని రెండవ విధమువారికి అట్లే తగిలించుట సరికాదు.

మన ప్రాంతమున ఈ హఠాత్తు దెబ్బకు కారణములు ఋతువులతోపాటు మారుచుండును. మండు వేసవిలో వాంతులు, విరేచనములు, వానకాలమున మలేరియా, ఎలుకల మూత్రము కలిసిన వరదనీటివలన సోకు లెప్టోస్పైరోసిస్, పొలములలో పాముకాటు, కాన్పు సమయమున అధిక రక్తస్రావము, ఏ కాలమందైనను, క్రిములు రక్తమంతట వ్యాపించి రక్తపుపోటు పడిపోవు సెప్సిస్. తలకు వేసుకొను రంగు కడుపులోనికి పోవుటవలన కలుగు విషప్రమాదమును గూర్చి హైదరాబాదు, తిరుపతి వైద్యులు ప్రత్యేకముగా పరిశీలనలు ప్రకటించి యున్నారు. అందు కండరములు చితికి, ఆ పదార్థము మూత్రపిండములలో అడ్డుపడును. మూత్రము కాఫీ రంగున దిగును. ఇట్టి కారణములకు నొప్పి మాత్రలు తోడైనచో దెబ్బ రెట్టింపగును.

దెబ్బ తగిలినదని తెలుసుకొనుటకు రెండు కొలతలు చాలును. రక్తములోని క్రియాటినిన్ రెండు దినములలో 0.3 మిల్లీగ్రాములు పెరుగుట, లేదా వారములో మునుపటికి ఒకటిన్నర రెట్లగుట మొదటిది. ఆరు గంటలపాటు మూత్రము తగ్గిపోవుట రెండవది. అనగా 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లకంటె తక్కువగుట. 2012లో అంతర్జాతీయముగా కుదిరిన ఈ కొలతలే నేటికిని ప్రమాణముగా నున్నవి. అయితే ఇవి దెబ్బను గుర్తించుటకు మాత్రమే ఏర్పడినవి. యంత్రము పెట్టుటకు ఆజ్ఞలు కావు. చిక్కంతయు ఇక్కడనే గలదు.

యంత్రము చేయు పని చెప్పుట సులభము. మెడలోని లేక గజ్జలోని పెద్ద సిరలోనికి గొట్టము దింపి, రక్తమును బయటకు తీసి, వెంట్రుకవంటి సన్నని బోలు దారములగుండ ప్రవహింపజేయుదురు. ఆ దారముల గోడకు ఆవలివైపున శుద్ధమైన లవణజలము ప్రవహించుచుండును. మలినములును, అధికమైన పొటాషియమును గోడలోని రంధ్రములగుండ ఆవలకు పోవును. శుద్ధమైన రక్తము తిరిగి శరీరమును చేరును. మామూలుగా ఇది నాలుగు గంటల పని. రక్తపుపోటు నిలువని రోగికి ఎనిమిది, పది గంటలపాటు మెల్లగా చేయుటయు, రాత్రింబవళ్లు నిలుపక చేయుటయు గలదు.

అయినను ఇది శరీరమునకు భారము లేని పని కాదు. గొట్టము దింపిన చోట రక్తస్రావము కలుగవచ్చును. ఆ దారినే క్రిములు రక్తములో చొరవచ్చును. రక్తము గడ్డకట్టకుండ ఇచ్చు మందు మరియొకచోట రక్తస్రావము కలిగింపవచ్చును. రోగికి ఎక్కించిన క్రిమినాశక ఔషధము కొంత మలినముతోపాటు కొట్టుకొనిపోవును. అన్నిటికంటె ముఖ్యము, యంత్రము నడుచుచుండగా రక్తపుపోటు పడిపోయినచో, తేరుకొనుచున్న మూత్రపిండములకు రెండవ దెబ్బ తగులును. కావున అవసరము లేని రక్తశుద్ధి వ్యర్థమగుటయే గాక, ఒక్కొక్కప్పుడు హాని గూడ చేయును.

ఈ యంత్రము పుట్టినది రెండవ ప్రపంచయుద్ధ కాలమున. హాలండు దేశమున కాంపెన్ అను చిన్న పట్టణములో విల్లెం కోల్ఫ్ అను వైద్యుడు 1943లో, మాంసపు తిత్తులకు వాడు సెల్లోఫేను గొట్టములతో దీనిని నిర్మించెను. మొదటి రోగులలో పెక్కుమంది బ్రతుకలేదు. 1945లో, హఠాత్తుగా మూత్రపిండములు ఆగిపోయిన 67 ఏండ్ల స్త్రీ దీనివలన బ్రతికెను. ఆ దినములలో యంత్రము కడపటి ఉపాయము. మరణము వాకిట నిలిచినపుడే దానిని తలచెడివారు. తరువాత అమెరికా సైనిక వైద్యుడు పాల్ టెషన్, రోగి క్షీణించువరకు వేచియుండక ముందుగానే రక్తశుద్ధి చేయుట మేలని 1960లో ప్రకటించెను. 'ఎంత త్వరగా నైతే అంత మంచిది' అను అభిప్రాయము నాటినుండి బలపడెను. ముందుగా యంత్రము పెట్టిన రోగులు ఎక్కువమంది బ్రతికినట్లు ఆసుపత్రి దస్తరములు గూడ చెప్పెను.

అయితే ఆ లెక్కలలో ఒక లోపము దాగియున్నది. ముందుగా పెట్టినవారిని, ఆలస్యముగా పెట్టినవారిని పోల్చిరి కాని, వేచియుండగా యంత్రమే అక్కరలేక కోలుకొన్నవారిని ఎవరును లెక్కలోనికి తీసికొనలేదు. వారి పేర్లు యంత్రపు దస్తరమున ఎక్కలేదు గదా! వంటకు ముందే ఇంటికి పోయిన అతిథులను విడిచి, విస్తళ్లను మాత్రమే లెక్కించినట్లయినది.

ఇట్టి భ్రమకు వైద్యశాస్త్రమున మరియొక ఉదాహరణము మన హైదరాబాదులోనే గలదు. రెసిడెన్సీ సర్జనుగాను, ఇచ్చటి వైద్య పాఠశాలకు అధిపతిగాను ఉండిన ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫారము ఇచ్చునపుడు రోగి శ్వాసను గమనించిన చాలును, నాడిని చూడ నక్కరలేదని వాదించెను. ఆ వాదమును పరీక్షించుటకు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ద్రవ్యసహాయముతో 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు సంఘములు ఏర్పడెను. లండనునుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు వచ్చి రెండవదానిలో పాల్గొనెను. వందలకొలది జంతువులపై ప్రయోగములు చేసి, క్లోరోఫారము శ్వాసనే గాని గుండెను నేరుగా ఆపదని తీర్పు చెప్పిరి. కాని 1911లో గుడ్‌మన్ లెవీ అను శాస్త్రజ్ఞుడు, తేలికపాటి మత్తులోనే ఆ మందు గుండెను అకస్మాత్తుగా ఆపగలదని నిరూపించెను. అనుభవము, శ్రద్ధ, ధనము అన్నియు ఉండియు, ఒక్క గుర్తునే నమ్మి తక్కినవానిని విడిచినచో ఎట్టి పొరపాటు జరుగునో హైదరాబాదు క్లోరోఫారము సంఘముల చరిత్ర తెలుపుచున్నది. క్రియాటినిన్ అంకె నొక్కదానినే చూచి యంత్రము కోరుట గూడ ఆ కోవలోనిదే.

సందేహము తీర్చుటకు మార్గ మొక్కటియే. ఒకే స్థితిలోని రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు వెంటనే యంత్రము పెట్టి, రెండవ జట్టును కనిపెట్టుచు నిరీక్షించి, ఎవరెందరు బ్రతికిరో చూడవలెను. ఇట్టి పరీక్షలు గడచిన పది పదునైదేండ్లలో జరిగినవి. బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రి వైద్యులు 2013లో ప్రకటించిన పరీక్ష మనకు మిక్కిలి దగ్గరిది. అందలి 208 మంది మనవంటి జ్వరములు, విరేచనములు మొదలగు కారణములతో ఆసుపత్రికి వచ్చినవారు. ముందుగా రక్తశుద్ధి చేసిన జట్టులో మరణములు నూటికి 20.5, అవసరము కనబడువరకు వేచిన జట్టులో 12.2. ఈ తేడా యాదృచ్ఛికము కావచ్చునని గణితము చెప్పినది. అయినను ముందుగా పెట్టుటవలన మేలు కలిగినదని మాత్రము ఎవరును చెప్పజాలరు.

2016లో రెండు పరీక్షలు ఒకదానికొకటి ఎదురుగా నిలిచినవి. జర్మనీలోని మ్యూన్‌స్టర్ నగరపు ఒక్క ఆసుపత్రిలో 231 మందిపై జరిగిన పరీక్షలో, ముందుగా పెట్టినవారిలో తొంబది దినములకు నూటికి 39 మంది, ఆలస్యముగా పెట్టినవారిలో 55 మంది మరణించిరి. ఫ్రాన్సులో 31 వైద్యశాలలలో 620 మందిపై జరిగిన పరీక్షలో, అరువది దినములకు రెండు జట్లలోను మరణములు నూటికి 49 వంతున ఇంచుమించు సమానము. విశేష మేమనగా, ఫ్రాన్సులో వేచియుండిన జట్టులో సగముమందికి యంత్రమే అవసరపడలేదు. ముందుగా పెట్టిన జట్టులో గొట్టము దారిని క్రిములు చేరుట రెట్టింపుగా నుండెను. 2018లో అదే దేశమున సెప్సిస్ రోగులు 488 మందిని పరీక్షింపగా ఫలితము మారలేదు. అయితే అందు నిరీక్షించినవారిలో నూటికి 17 మందికి హఠాత్తుగా యంత్రము పెట్టవలసి వచ్చెను. ఈ అంకెను మరువరాదు. నిరీక్షించు చోట యంత్రము చేరువలో సిద్ధముగా ఉండితీరవలెను.

చివరకు 2020లో, 15 దేశములందలి 168 ఆసుపత్రులలో దాదాపు మూడువేల మందిపై జరిగిన పరీక్ష ఈ వివాదమునకు చాలవరకు తెర దించినది. ముందుగా పెట్టిన జట్టులో మరణములు నూటికి 43.9, వేచిన జట్టులో 43.7. వేచినవారిలో నూటికి 38 మంది యంత్రము లేకయే గడచిరి. బ్రతికి బయటపడినవారిలో తొంబది దినముల తరువాతను యంత్రముపై ఆధారపడినవారు ముందుగా పెట్టిన జట్టులో నూటికి పది మందికి పైగా ఉండగా, రెండవ జట్టులో ఆరుగురు. అనగా, తొందరపాటు ప్రాణములను అదనముగా కాపాడలేదు సరికదా, కొందరి మూత్రపిండములు తేరుకొనుటకు అడ్డముగా నిలిచినట్లు కనబడుచున్నది.

మరి ఎంతకాలము వేచియుండవచ్చును? దీనికిని హద్దు గలదు. 2021లో ఫ్రెంచి వైద్యులు 278 మందిని తీసికొని, రక్తములో యూరియా డెసిలీటరుకు 240 మిల్లీగ్రాములు దాటినను, లేక మూత్రము తగ్గి మూడు దినములు గడచినను ఒక జట్టుకు యంత్రము పెట్టిరి. రెండవ జట్టును యూరియా 300 వరకు పోనిచ్చిరి. అధికముగా వేచినందువలన ప్రయోజన మేమియు కలుగలేదు. అరువది దినములకు మొదటి జట్టులో నూటికి 44 మంది, రెండవ జట్టులో 55 మంది మరణించిరి. ఇంత చిన్న పరీక్షతో కడపటి తీర్పు చెప్పుట తగకున్నను, ఆ దారిన పోవలదని హెచ్చరించుటకు ఇది చాలును.

కావున నేటి నిర్ణయమును ఇట్లు చెప్పవచ్చును. ఔషధములకు లొంగక పొటాషియము 6 మిల్లీ ఈక్వివలెంట్లు దాటినపుడు, రక్తములో ఆమ్లము పెరిగి పీ.హెచ్. 7.15 కంటె దిగినపుడు, ఊపిరితిత్తులలో నీరు నిండి మూత్రము జారీచేయు మందులకు తగ్గనపుడు, మలినములవలన మగతయో, మూర్ఛలో, గుండెపొర వాపో కలిగినపుడు, యూరియా 240 మిల్లీగ్రాముల దరి చేరినపుడు యంత్రమును ఆలస్యము చేయరాదు. ఇవేవియు లేనపుడు, క్రియాటినిన్ ఐదైనను, ఆరైనను, వైద్యుడు వేచియున్నాడన్నచో అది ఉపేక్ష గాదు. ఆ వేచియుండు గంటలలో ఆయన గుండె చలనపు చిత్రమును చూచుచు, పొటాషియమును మాటిమాటికి కొలిపించుచు, ప్రతి గంటకు మూత్రమును లెక్కించుచుండును. ఒక్కొక్కప్పుడు ఫ్యూరోసెమైడ్ అను మందునిచ్చి, రెండు గంటలలో 200 మిల్లీలీటర్ల మూత్రము వచ్చునా రాదా అని చూచి, రాబోవు స్థితిని అంచనా వేయును.

ఈ నియమమునకు మినహాయింపులు గలవు. కల్తీసారాలోని మిథైల్ ఆల్కహాలు వంటి విషము కడుపులో పడినపుడు, మూత్రపిండములు ఎట్లున్నను, విషమును తీసివేయుటకే యంత్రము త్వరగా పెట్టుదురు. గోడ కూలి మీదపడి కండరములు నలిగినవారికి, తలరంగు విషమువలన కండరములు చితికినవారికి పొటాషియము గంటలలో పైకెగయవచ్చును గనుక వారియెడ వైద్యుడు ఎక్కువ జాగరూకుడై యుండును. అన్నిటికంటె పెద్ద మినహాయింపు దూరము. నిరీక్షణ అన్నది యంత్రము చేరువలో నుండి, రక్తపరీక్ష రేయింబవళ్లు జరుగు చోటనే క్షేమకరము. ఆ వసతిలేని ఊరి ఆసుపత్రినుండి రోగిని వేళకు ముందే పెద్ద ఆసుపత్రికి పంపుట మంచిది. అక్కడికి చేరిన వెంటనే యంత్రము పెట్టకపోయినంతమాత్రమున ఆ ప్రయాణము వ్యర్థమైనదని తలపరాదు.

తొందర ఎక్కడ కావలెనని అడుగుదురేమో. అది ఇంటివద్ద, మొదటి దినమున కావలెను. వాంతులు, విరేచనములు మొదలైన గంటనుండి లీటరు నీటిలో ఒక ఓ.ఆర్.ఎస్. పొట్లము కలిపి త్రాగింపవలెను. పాముకాటు వేసినచో మంత్రములతో కాలము పుచ్చక విరుగుడు మందు దొరకు ఆసుపత్రికి పోవలెను. జ్వరములో, విరేచనములలో నొప్పి మాత్రలను సొంతముగా మ్రింగరాదు. మధుమేహము, రక్తపుపోటు మందులు వాడువారికి నీరు నిలువనపుడు ఆ మందులు కొనసాగింపవలెనో ఆపవలెనో వైద్యుని అడుగవలెను. వేసవిలో రంజాను వచ్చిన యేడు, మూత్రపిండముల జబ్బున్న పెద్దలు ఉపవాసమునకు ముందే వైద్యుని సంప్రతింపవలెను. పగలంతయు మూత్రము రాలేదని రోగి చెప్పినచో, 'రేపు చూతము' అనరాదు.

ఆసుపత్రికి పోవునపుడు రోగి మ్రింగిన మందులన్నిటిని, నాటు మందులను, భస్మములను సైతము, ఒక సంచిలో వేసికొని పోయి వైద్యునకు చూపవలెను. దాచుటవలన కీడేగాని మేలు లేదు. వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు గూడ గలవు. పొటాషియ మెంత? ఊపిరితిత్తులలో నీరున్నదా? ఆరు గంటలలో మూత్ర మెంత వచ్చినది? తిరిగి పరీక్ష ఎప్పుడు? "మిషను ఎప్పుడు?" అను ప్రశ్నకంటె ఈ నాలుగును మేలైనవి. వీనికి స్పష్టమైన జవాబు వచ్చుచున్నంత కాలము మనవారి మంచముచెంత జరుగుచున్నది నిరీక్షణయే గాని నిర్లక్ష్యము గాదని బంధువులు ధైర్యము వహింపవచ్చును. ఇక వైద్యుడు యంత్రము పెట్టవలెనని చెప్పిన క్షణమున, ఇంటి పెద్దలందరు చేరువరకు ఆగుదమని జాగుచేయరాదు. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకము క్రింద రక్తశుద్ధి చికిత్సకు అవకాశము గలదు గనుక, నగలు తాకట్టు పెట్టుటకు ముందు ఆ పథకపు సహాయకుని విచారింపవలెను.

రోగి కోలుకొని ఇల్లు చేరిన తరువాత గూడ ఒక కర్తవ్యము మిగిలియుండును. మూత్రము బాగుగా వచ్చుచున్నదని ఊరకుండక, మూడు నెలలకు ఒకసారి క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించుకొనవలెను. ఒకసారి దెబ్బ తిన్న మూత్రపిండములు పైకి చక్కగా పనిచేయుచున్నట్లు కనబడినను, లోపల కొంత శక్తి కోల్పోయి యుండవచ్చును. ఆ పరీక్షకు ఉదయము ఒక్క గంట చాలును.